జెట్ ఇంజిన్ గ్రౌండ్ టెస్ట్: ముందు లోపలికి వెళ్ళే గాలి సంగతి తేల్చుకోండి

చిన్న టర్బోజెట్ ఇంజిన్ కొని స్టాండ్ మీద బిగించి, మొదటి రన్‌లో థ్రస్ట్ (ఇంజిన్ తోసే బలం) తక్కువ వచ్చిందని కంగారుపడే ఇంజినీరింగ్ కుర్రాళ్ళు మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. కంప్రెసర్ (లోపలికి వచ్చిన గాలిని కుదించే భాగం) పోయిందనో, ఫ్యూయల్ పంప్ సరిగా లేదనో, అమ్మినవాడు పాతది అంటగట్టాడనో అనుకుంటారు. ఇంజిన్ విప్పేద్దామా అని అడిగితే నేను చెప్పేది ఒకటే. స్పానర్ పక్కన పెట్టండి, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి ఎలా ఉందో ముందు కొలవండి. గాలి సమంగా, ప్రశాంతంగా, బయటి వేడితోనే లోపలికి వెళ్తోందని రుజువయ్యాకే థ్రస్ట్ అంకెకు అర్థం ఉంటుంది. అప్పటిదాకా మీరు కొలుస్తున్నది ఇంజిన్‌ని కాదు, మీ షెడ్డుని.

ఈ పని మొత్తం వరసగా రాస్తున్నాను. లెక్కల కోసం 100 న్యూటన్ల తరగతి ఇంజిన్ ఒకటి అనుకుందాం. ఫుల్ స్పీడ్‌లో సెకనుకు 0.23 కిలోల గాలి పీలుస్తుంది, బెల్‌మౌత్ (ఇంజిన్ ముందు బిగించే గరాటులాంటి మూతి) గొంతు, అంటే దాని సన్నటి భాగం, వ్యాసం 70 మిల్లీమీటర్లు. మీది వేరే సైజు అయితే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

1. ముందు షెడ్డు చూడండి

మొదట ఈ చిన్న లెక్క వేయండి, చాలా విషయాలు దానితోనే తేలిపోతాయి. మన దగ్గర మే నెలలో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలి దాదాపు 1.12 కిలోలు తూగుతుంది. అంటే ఇంజిన్ సెకనుకు 0.2 ఘనపు మీటర్ల గాలి లాగుతోంది. ఆ గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి, మూతికి అర మీటరు దూరంలో దాని వేగం సెకనుకు 7 సెంటీమీటర్లు కూడా ఉండదు. గొంతులో మాత్రం 53 మీటర్లు! కాబట్టి షెడ్డులో పెడెస్టల్ ఫ్యాన్ తిరుగుతున్నా, తలుపు సందులోంచి చిరుగాలి కొడుతున్నా, అర మీటరు దూరంలో ఆ గాలిదే రాజ్యం. ఇంజిన్ లాగుడు దాని ముందు లెక్కలోకి రాదు. ఆ అడ్డగాలిలో ఉన్న సుడులన్నీ బెల్‌మౌత్‌లోకి వెళ్ళి, సన్నగా సాగి, ఇంకా గట్టిగా తిరుగుతాయి.

అందుకే ఫ్యాన్లన్నీ ఆపండి, కూలర్లు కూడా. బెల్‌మౌత్ ముందూ పక్కలా గొంతు వ్యాసానికి కనీసం పది రెట్ల దూరం, అంటే మన లెక్కలో 70 సెంటీమీటర్ల వరకు, ఏ వస్తువూ ఉండకూడదు. ఫ్యూయల్ క్యాన్, వైర్ల కట్ట, కెమెరా స్టాండ్, లోడ్‌సెల్ (థ్రస్ట్ కొలిచే సెన్సర్) ఫ్రేమ్ తాలూకు ముందు కాలు, వీటన్నిటి వెనకా గాలి చెదురుతుంది, ఆ చెదురు నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది. నాకు మీటరు ఖాళీ ఉంటే గాని తృప్తిగా ఉండదు.

ఇక టైం. రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం బెల్టు సముద్రానికి దగ్గర, పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. తెల్లవారి ఆరున్నర నుంచి తొమ్మిది లోపు గాలి నిలకడగా ఉంటుంది, రన్‌లు అప్పుడే పెట్టుకోండి. బెల్‌మౌత్ ఎత్తులో చిన్న ఎనిమోమీటర్ (గాలి వేగం కొలిచేది) పెట్టి చూడండి. సెకనుకు 2 మీటర్లు దాటితే నేను రన్ ఆపేస్తాను, ఆ రోజు ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

ఎగ్జాస్ట్ కూడా గాలి నాణ్యతలో భాగమేనని చాలామంది గుర్తించరు. రేకుల షెడ్డులో వెనక గోడకి కన్నం పెట్టి జెట్‌ని బయటికి వదిలితే సరిపోదు. కన్నం చిన్నదైతే వేడిగాలి గోడకి కొట్టుకుని, రేకుల కింద నుంచి మెల్లగా ముందుకి పాకి, మళ్ళీ ఇంజిన్‌లోకే వస్తుంది. జెట్ తనతోపాటు చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుపోతుంది కాబట్టి వెనక గొట్టం ఆ మొత్తం గాలికి సరిపడా వెడల్పుగా ఉండాలి. ఆ లాగుడుకి సరిపడా గాలి ముందు నుంచి రావాలి, అందుకని ముందు షట్టర్ పూర్తిగా ఎత్తండి, సగం కాదు.

2. బెల్‌మౌత్

బెల్‌మౌత్ లేకుండా ఇంజిన్ మూతి అంచుతోనే గాలి పీల్పిస్తే, ఆ అంచు దగ్గర గాలి మలుపు తిరగలేక విడిపోతుంది. బెల్‌మౌత్ చేసే పని గాలిని నెమ్మదిగా మలిపి, ఒకే వేగంతో గొంతులోకి పంపడం. దానితోపాటు గాలి ఎంత వెళ్తోందో కొలిచే పరికరంగా కూడా అదే పనికొస్తుంది.

ఆకారం దీర్ఘవృత్తంలో పావు భాగం. గొంతు వ్యాసం ఎంతో పొడవు అంత, పక్కకి వెడల్పు అందులో సగం, అంటే మనకి 70, 35 మిల్లీమీటర్లు. బయటి అంచుని పదునుగా వదలకుండా వెనక్కి గుండ్రంగా మడవండి. మలుపు అయిపోయాక గొంతుని ఒక వ్యాసం పొడవు తిన్నగా సాగనివ్వండి, కొలిచే రంధ్రాలు అందులో మధ్యలో వస్తాయి. త్రీడీ ప్రింట్ చేసినా, లేత్ మీద తిప్పినా ఫరవాలేదు, కానీ ప్రింట్ గీతలు పోయేదాకా నీళ్ళ కాగితంతో రుద్దాలి. ఇంజిన్‌తో కలిసే చోట మెట్టు అస్సలు ఉండకూడదు. వేలు పెట్టి తడిమితే తగలకూడదు, గాస్కెట్ లోపలికి పొడుచుకు రాకూడదు.

గొంతు సైజు విషయంలో తొందరపడకండి. 70 బదులు 100 మిల్లీమీటర్లు పెడితే గాలి ఇంకా హాయిగా వెళ్తుంది కదా అనిపిస్తుంది. నిజమే, కానీ కొలత చచ్చిపోతుంది. 70లో పీడనం తగ్గుదల సుమారు 1,600 పాస్కల్స్ వస్తుంది, నీటి మట్టంలో 160 మిల్లీమీటర్లు. 100లో అది 40 మిల్లీమీటర్లకు పడిపోతుంది. గాలి మూడో వంతు ఉన్నప్పుడు ఈ అంకె తొమ్మిదో వంతు అవుతుందని గుర్తుపెట్టుకోండి. ఐడిల్‌లో, అంటే ఇంజిన్ కనిష్ఠ స్పీడ్‌లో, ఇక కొలవడానికి ఏమీ మిగలదు.

3. పీడనం రంధ్రాలు

గొంతు చుట్టూ 90 డిగ్రీలకొకటి, నాలుగు రంధ్రాలు. వ్యాసం అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు, గోడకి లంబంగా, లోపలి అంచున పొక్కు (డ్రిల్ చేసినప్పుడు లేచే పదును అంచు) లేకుండా. ఆ పొక్కు కంటికి కనిపించనంత చిన్నదైనా అంకెని తప్పు దోవ పట్టిస్తుంది, కాబట్టి డ్రిల్ చేశాక లోపల నుంచి మెత్తగా రుద్దండి, కానీ కౌంటర్‌సింక్ మాత్రం చేయకండి, అంటే అంచుని గరాటులా వెడల్పు చేయకండి.

నాలుగు ట్యూబుల్నీ కలిపి ఒకే గేజ్‌కి ఇచ్చేయడం అందరికీ అలవాటు. మొదట్లో అలా చేయొద్దని గట్టిగా చెప్తాను. నాలుగూ విడివిడిగా చదవండి. సగటు బాగానే ఉండి, ఒక రంధ్రం మిగతా మూడింటికంటే తేడాగా చూపించిందంటే అక్కడే మీకు దొరకాల్సిన ఆధారం ఉంది. కలిపేస్తే అది మాయమైపోతుంది.

మన తేమలో ట్యూబుల్లో నీటి బొట్లు చేరతాయి. గేజ్‌లు రంధ్రాలకంటే ఎత్తులో పెట్టి, ట్యూబులు ఎక్కడా వేలాడి ఊయలలా కిందికి వంగకుండా కట్టండి.

4. ఇంజిన్ వెలిగించకుండానే గాలిని పరీక్షించండి

ఈ మార్గదర్శిలో ఒక్క అంచె మాత్రమే చేయగలరంటే ఇదే చేయండి. ఇంజిన్ తీసేసి, దాని స్థానంలో తిన్నటి పైపు, దాని వెనక సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ పెట్టండి. రైసుమిల్లులకి సామాన్లు అమ్మే షాపుల్లో అడిగితే అలాంటిది దొరుకుతుంది, ఒకటి రెండు హార్స్‌పవర్ సరిపోతుంది. బ్లోయర్ పీల్చే వైపు బెల్‌మౌత్ ఉండాలి, వదిలే వైపు షెడ్డు బయటికి. బ్లోయర్ తిప్పే సుడి ముందుకి రాకుండా మధ్యలో పది వ్యాసాల పైపు, అందులో ఒక తేనెపట్టు ముక్క. ఆ గదుల పొడవు వాటి వెడల్పుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఉంటే చాలు. కూల్‌డ్రింక్ స్ట్రాలు కట్టగట్టి అతికించినా పనిచేస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. నిశ్చలంగా ఉన్న గాలిని సరైన బెల్‌మౌత్ పీలుస్తున్నప్పుడు, గోడల దగ్గరి పలచని పొర తప్ప మిగతా గొంతు అంతటా మొత్తం పీడనం బయటి వాతావరణ పీడనమే ఉండాలి. గాలి వేగం పెరిగినకొద్దీ స్థిర పీడనం (గోడ రంధ్రాలు చూపేది) తగ్గుతుంది, వేగం వల్ల వచ్చే గతిజ పీడనం పెరుగుతుంది, కానీ రెండూ కలిపిన మొత్తం మారదు. కాబట్టి సన్నటి పిటాట్ ట్యూబ్‌ని (గాలికి ఎదురుగా నోరు పెట్టి మొత్తం పీడనం కొలిచే గొట్టం) మానోమీటర్‌కి (పీడనం తేడా చూపే నీటి గొట్టం) ఒక వైపు కలిపి, రెండో వైపు నిశ్చలమైన గాలికి వదిలేస్తే రీడింగ్ సున్నా రావాలి. అంతే. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు. సున్నా రాని చోటల్లా గాలి శక్తి పోగొట్టుకుంటోందన్నమాట. చిన్న తేడాలు కనిపించాలంటే మానోమీటర్ గొట్టాన్ని వాలుగా పెట్టండి. ఒక మిల్లీమీటరు ఎత్తుకి పది మిల్లీమీటర్ల పొడవు వచ్చేలా వంచితే కంటితోనే చదవొచ్చు.

ఎక్కడెక్కడ చదవాలి? గొంతుని సమాన వైశాల్యం ఉన్న ఐదు వలయాలుగా అనుకోండి. 35 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో ఆ వలయాల మధ్యరేఖలు కేంద్రం నుంచి 11.1, 19.2, 24.7, 29.3, 33.2 మిల్లీమీటర్ల దగ్గర వస్తాయి. పెద్ద ఇంజిన్ల లోకంలో ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం వాళ్ళ ఏఆర్‌పి 1420 అనే పత్రం చెప్పేది కూడా ఈ పద్ధతే, ఎనిమిది చేతులు, చేతికి ఐదు ప్రోబులు (పిటాట్ ట్యూబుల్లాంటివి), మొత్తం 40. మన 70 మిల్లీమీటర్ల గొంతులో 40 ప్రోబులు గుచ్చితే గాలికి దారే ఉండదు. ఒకే ప్రోబ్ పెట్టి, 30 డిగ్రీలకొకసారి తిప్పుతూ పన్నెండు కోణాల్లో ఐదేసి చోట్ల చదవండి. ఓపిక కావాలి, పొద్దున్న కూర్చుంటే ఎండ ఎక్కేలోపు అయిపోతుంది. ప్రతి చోటా రీడింగ్ కుదురుకునేదాకా ఆగండి, సన్నటి ట్యూబులో పీడనం చేరడానికి కాస్త టైం పడుతుంది.

అరవై అంకెలు వచ్చాక డిసి60 (గాలి ఎంత అసమానంగా ఉందో చెప్పే అంకె) లెక్కకట్టండి. మొత్తం సగటు నుంచి, అన్నిటికంటే దారుణంగా ఉన్న 60 డిగ్రీల ముక్క సగటు తీసేసి, దాన్ని గతిజ పీడనంతో భాగించడమే. ఉదాహరణకి మొత్తం సగటు వాతావరణంకంటే 30 పాస్కల్స్ తక్కువ, చెడ్డ ముక్క 190 తక్కువ, గతిజ పీడనం 1,600 అనుకోండి. 160ని 1,600తో భాగిస్తే 0.1. యుద్ధవిమానం వంకర ఇన్‌టేక్‌లో ఇలాంటి అంకెని చూసి ఎవరూ ఉలిక్కిపడరు, కానీ నేల మీద నిలబడి ఉన్న బెల్‌మౌత్‌లో ఇది సున్నాకి ఆనుకుని ఉండాలి. 0.1 వచ్చిందంటే ఏదో అడ్డం ఉంది, లేదా అంచు దగ్గర గాలి విడిపోతోంది.

సుడి ఉందేమో చూడటానికి సన్నటి తీగ చివర చిన్న దారం కట్టి గొంతు మధ్యలో పెట్టండి. దారం ఒక పక్కకి ఒరిగితే గాలి తిరుగుతూ వెళ్తోందని అర్థం. కంప్రెసర్ తిరిగే దిశలోనే సుడి ఉంటే అది గాలి మీద చేసే పని తగ్గిపోతుంది, ఎదురు దిశలో ఉంటే బ్లేడ్ల మీద భారం పెరిగి స్టాల్‌కి (బ్లేడ్ల నుంచి గాలి విడిపోవడానికి) దగ్గరవుతుంది. రెండూ మనకి వద్దు. బ్లోయర్ నడుస్తుండగా బెల్‌మౌత్ చుట్టూ అగరొత్తి పట్టుకుని తిరగడం కూడా చాలా పనికొస్తుంది. మా షెడ్డులో వెల్డింగ్ చేసే ఆయన ఒకసారి అలా తిప్పుతూ, "ఏటి మాష్టారూ, పొగ ఎడం పక్కకే లాగేస్తంది" అన్నాడు. చూస్తే ఎడం పక్క కిటికీ రెక్క కొంచెం తెరిచి ఉంది. అన్ని ప్రోబులూ కలిపి చెప్పగలిగేదాన్ని ఒక్క అగరొత్తి చెప్పింది. దారం, అగరొత్తి పరీక్షలు బ్లోయర్‌తోనే చేయాలి. ఇంజిన్ నడుస్తుండగా మూతి దగ్గరికి ఏదీ, ఎవరూ వెళ్ళకూడదు.

5. నేల సుడి, వల

సింకులో నీళ్ళు దిగేటప్పుడు ఏర్పడే సుడిలాంటిదే నేలకీ ఇంజిన్ మూతికీ మధ్య గాలిలో లేస్తుంది. ఇంజిన్ నేలకి దగ్గరగా ఉన్నకొద్దీ, లాగుడు ఎక్కువైనకొద్దీ అది పుట్టే అవకాశం ఎక్కువ. దాని కొన నేల మీద ఉన్న ఇసుకనీ, నట్లనీ ఎత్తి ఇంజిన్‌లో వేస్తుంది. మన తీరం వైపు ఇసుక ఎంత ఊడ్చినా మళ్ళీ వచ్చి చేరుతుంది కాబట్టి ఇది మనకి మామూలు విషయం కాదు. ఇంజిన్ మధ్యరేఖని నేల నుంచి ఒక మీటరు ఎత్తులో పెడితే అది పద్నాలుగు వ్యాసాలు, నేల సుడి బాధ దాదాపు ఉండదు. పక్క గోడ, రేకుల కప్పు కూడా నేలలాంటివే, వాటికీ అంతే దూరం ఇవ్వండి. సిమెంటు నేలని ముందురోజు సాయంత్రం కడిగి ఆరనివ్వండి.

వల పెట్టాలా? పెట్టాలి, కానీ గొంతులో కాదు. గొంతులో 53 మీటర్ల వేగం దగ్గర వల పెడితే పీడనం భారీగా పోతుంది, ప్రతి తీగ వెనకా గాలి చెదురుతుంది. అదే 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న అర్ధగోళం ఆకారంలో పంజరం కట్టి దాని మీద వల కప్పితే, అక్కడ గాలి వేగం ఒకటిన్నర మీటర్లే, గతిజ పీడనం ఒక పాస్కల్ చిల్లర. ఆ వల వల్ల పోయేది ఏమీ ఉండదు, పైగా అడ్డగాలి తెచ్చే సుడుల్ని కూడా కొంచెం చిదుపుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని పీబుల్స్ దగ్గర జీఈ కంపెనీ ఆరుబయట స్టాండ్ల మీద శబ్ద పరీక్షలు చేసేటప్పుడు ఇంజిన్ ముందు ఇంతకంటే ఎంతో పెద్ద తేనెపట్టు గోళం నిలబెట్టేది ఈ కారణంతోనే, వాతావరణంలోని అలజడి ఫ్యాన్‌దాకా రాకుండా. వల తీగల మధ్య ఖాళీ వైశాల్యం 60 శాతానికి తగ్గకుండా చూసుకోండి. మరీ బిగువైన వలలోంచి వచ్చే చిన్న చిన్న ధారలు ఒకదానికొకటి అతుక్కుని కొత్త అసమానత పుట్టిస్తాయి.

6. ఇంజిన్‌తో రన్

పిటాట్ ప్రోబ్ తీసేయండి, అది విరిగితే నేరుగా కంప్రెసర్‌లోకి పోతుంది. నాలుగు గోడ రంధ్రాలు, పంజరం బయట చుట్టూ నాలుగు థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు), షెడ్డు బయట నీడలో ఇంకొకటి ఉంటే చాలు. చెవులకి మఫ్స్, చేతికందేలా కార్బన్ డయాక్సైడ్ ఎక్స్‌టింగ్విషర్, మూతి ముందూ టర్బైన్ పక్కా మనిషి నీడ కూడా పడకూడదు.

ఐడిల్‌లో కుదురుకోనివ్వండి. తర్వాత మెట్లు మెట్లుగా పెంచి, అవే మెట్లలో దింపండి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే స్పీడ్ దగ్గర అదే గాలి రావాలి. దిగేటప్పుడు తక్కువ వచ్చి, మూతి దగ్గర వేడి బయటికంటే రెండు డిగ్రీలు దాటిందంటే మీ ఎగ్జాస్ట్ గాలి చుట్టు తిరిగి వస్తోంది. నాలుగు థర్మోకపుల్స్‌లో పైది మాత్రమే పెరిగితే అది కచ్చితంగా రేకుల కింద నుంచే వస్తోంది.

7. సవరణలు

గాలి పరిమాణానికి సూత్రం సులువు. పీడనం తగ్గుదలని రెండుతో, గాలి సాంద్రతతో గుణించి, వర్గమూలం తీసి, గొంతు వైశాల్యంతో గుణించండి. గోడ పొర కోసం 0.98తో గుణించండి. 53 మీటర్ల వేగంలో గాలి కుదింపుని వదిలేస్తే తప్పు ఒక శాతం లోపే, కానీ స్ప్రెడ్‌షీట్‌లో ఒకసారి పెట్టేస్తే పోయేదానికి దాన్ని వదిలేయడం ఎందుకు?

తేమని మాత్రం మన ప్రాంతంలో అస్సలు వదలకండి. నేను పైన చెప్పిన మే నెల గాలి, అదే వేడిలో ఉన్న పొడి గాలికంటే ఒకటిన్నర శాతం తేలిక. వానాకాలంలో గాలి నిండా తడి ఉన్న రోజు ఇంకో సంగతి. గొంతులో వేగం పెరిగినందుకు గాలి వేడి 1.4 డిగ్రీలు పడిపోతుంది. పెద్ద ఇంజిన్లలో, 170 మీటర్ల వేగం దగ్గర, ఇదే పద్నాలుగు డిగ్రీలు, అందుకే వాటి మూతి దగ్గర మంచు పొగ కనిపిస్తుంది. ఆవిరి నీరైతే వేడి వదులుతుంది, లెక్కలు చెదురుతాయి. గాలి వేడికీ మంచు బిందువుకీ (ఆవిరి నీరవడం మొదలయ్యే వేడికీ) తేడా ఈ పతనంకంటే తక్కువ ఉన్న రోజు రన్ పెట్టుకోకండి.

తర్వాత ప్రామాణిక రోజుకి మార్చాలి, అంటే 288.15 కెల్విన్, 101.325 కిలోపాస్కల్స్. 35 డిగ్రీల్లో వేడి నిష్పత్తి వర్గమూలం 1.034. మీ ఇంజిన్ 100 శాతం ఆర్‌పీఎం మీద తిరుగుతున్నా సవరించిన స్పీడ్ 96.7 శాతమే, అంటే ప్రామాణిక రోజున 96.7 శాతంలో తిరిగినట్టే లెక్క. థ్రస్ట్ తక్కువ వచ్చిందని మొదటి రోజు బెంగపడేవాళ్ళలో చాలామందికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. పీడనం సంగతి చూడండి: సాలూరు ఘాట్ ఎక్కి హెచ్‌ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఇంజిన్ ఫ్యాక్టరీ ఉన్న, ఒడిశాలోని సునాబెడకి వెళ్తే దాదాపు 900 మీటర్ల ఎత్తు, అక్కడ వాతావరణ పీడనమే మనకంటే పది శాతం దాకా తక్కువ. ఒకే ఇంజిన్‌ని రణస్థలంలోనూ అక్కడా నడిపి థ్రస్ట్ అంకెల్ని నేరుగా పోల్చితే ఏం లాభం? థ్రస్ట్‌ని పీడన నిష్పత్తితో భాగించాకే పోల్చాలి.

షెడ్డులో గాలి ఇంజిన్ వైపు పారుతుంటే ఇంకో సవరణ ఉంది. సెకనుకు 2 మీటర్ల పారుదల ఉంటే, 0.23తో గుణిస్తే దాదాపు 0.5 న్యూటన్లు. లోడ్‌సెల్ అంత తక్కువ చూపిస్తుంది, దాన్ని కలపాలి.

8. తేడా వస్తే వెతికే వరస

ఒక రంధ్రం మాత్రమే తేడా చూపిస్తే బెల్‌మౌత్‌ని 90 డిగ్రీలు తిప్పి మళ్ళీ నడపండి. తేడా బెల్‌మౌత్‌తోపాటు తిరిగితే తప్పు దానిలోనే ఉంది, రంధ్రం పొక్కో, ట్యూబు లీకో, అతుకు దగ్గర మెట్టో. తిరగకుండా అదే దిక్కున ఉండిపోతే తప్పు షెడ్డులో ఉంది. ఇంత చవకైన పరీక్ష ఇంకోటి నాకు తెలియదు.

గాలి సరిగ్గా ఉండి, సవరించిన థ్రస్ట్ మాత్రమే తక్కువైతే లోడ్‌సెల్ క్యాలిబ్రేషన్, కేబుళ్ళ బిగువు చూడండి. ఫ్యూయల్ పైపు బిగుసుకుని స్టాండ్‌ని వెనక్కి లాగుతుండటం చాలా మామూలు. నాలుగు రంధ్రాలూ కలిసి ఊగుతూ, మధ్యమధ్యలో దబ్ మని శబ్దం వస్తే వెంటనే థ్రాటిల్ దించేయండి. కంప్రెసర్ సర్జ్ (గాలి వెనక్కి తన్నడం) అంచున ఉంది, అడ్డగాలి, నేల సుడి, వేడిగాలి ఈ మూడూ సరిచూసుకోకుండా మళ్ళీ వెలిగించకండి. గాలి, థ్రస్ట్ రెండూ కలిసి తగ్గి, షెడ్డు వైపు తప్పేమీ తేలకపోతే, అప్పుడు ఇంజిన్ విప్పండి. ఉప్పుగాలిలో ఉంచిన ఇంజిన్‌కి కంప్రెసర్ బ్లేడ్ల మీద మట్టిపొర పట్టడం మన తీరంలో జరిగేదే, మొదట అదే చూడండి.

ప్రతి రన్‌కి ఒక కాగితం పెట్టుకోండి. టైం, గాలి వేగం, దిశ, వేడి, తేమ, పీడనం, నాలుగు రంధ్రాల రీడింగ్‌లు విడివిడిగా, షట్టర్ ఎంత ఎత్తులో ఉంది, పంజరం ఉందా లేదా. ఫోన్‌లో ఒక ఫోటో కూడా, బెల్‌మౌత్ ముందు నిలబడి షెడ్డు మొత్తం కనిపించేలా, ఇంజిన్ వెలిగించకముందు తీసి కాగితానికి జత చేయండి.